పది రోజుల్లో మారిపోయిన ఇష్టం

ఒడిశాలోని రాయగడలో ఉంటున్న ఒక తెలుగు తల్లి అడిగారు. నాలుగేళ్ళ బాబుని స్కూల్లో చేర్పిస్తూ నీళ్ళ సీసా కొనడానికి బజారుకి తీసుకెళ్తే, వాడు గులాబి రంగు సీసా పట్టుకుని వదల్లేదట. సరే అని కొనిచ్చారు. ఇంటికొచ్చాక నాన్నమ్మ చూసి "అది ఆడపిల్లల రంగురా" అన్నారు. స్కూల్లో ఇద్దరు పిల్లలు వెక్కిరించారు. పది రోజులు తిరక్కుండానే వాడే వచ్చి "నాకు పింక్ అసయ్యం, బ్లూ కావాలి" అన్నాడు. ఇంట్లో ఏడేళ్ళ పాప కూడా ఉంది. మగపిల్లాడికి గులాబి నచ్చడం మామూలేనా, ఈ ఇష్టాలు పుట్టుకతో వస్తాయా పెంపకంతో వస్తాయా, ఇప్పుడు నేనేం చేయాలి అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, మొదటిదానికి ఒక్క ముక్కలో చెప్తాను. మామూలే. దాన్ని బట్టి వాడు పెద్దయ్యాక ఎలాంటివాడవుతాడో ఎవరూ చెప్పలేరు, మీరు టెన్షన్ పడక్కర్లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ పది రోజులు. అంత గట్టిగా పట్టుకున్న సీసా పది రోజుల్లో అసహ్యమైపోయింది. ఆ పది రోజుల్లో వాడి కళ్ళు మారలేదు, ఒళ్ళు మారలేదు. మారింది ఒక్కటే, ఆ రంగు ఎవరిదో వాడికి తెలిసింది. మీ రెండో ప్రశ్నకి జవాబు వాడే చెప్పేశాడు.

నేను బరంపురంలో ముప్పై ఏళ్ళకి పైగా చిన్న తరగతుల పిల్లలకి చెప్పాను, పిల్లల మనస్తత్వం గురించి చదువుకున్నాను. అంతకుముందు మగ్గాల ఇంట్లో పుట్టాను. మా వాళ్ళు రాజమండ్రి వైపు నుంచి ఎన్నో తరాల కిందట వచ్చారని చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. రంగు గురించి నా మొదటి పాఠాలు పట్టు దారం చుట్టల మధ్యే జరిగాయి కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు పసిపిల్లల సంగతి. బ్రిటన్‌లో వసంతి జాద్వా, మెలిస్సా హైన్స్, సూజన్ గోలొంబోక్ అనే పరిశోధకులు ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల ముందు జంట బొమ్మలు పెట్టి, దేన్ని ఎంతసేపు చూస్తున్నారో కొలిచి 2010లో అచ్చు వేశారు. బొమ్మల్లో తేడా కనిపించింది. ఆడపిల్లలు పాప బొమ్మని, మగపిల్లలు కారుని ఎక్కువసేపు చూశారు. రంగుల్లో మాత్రం తేడా లేదు. ఇద్దరూ నీలం కన్నా ఎరుపు, గులాబి వైపే ఎక్కువ చూశారు. అంటే మీ వాడు సీసాల వరసలో గులాబిని పట్టుకున్నాడంటే, పసితనంలో కళ్ళు ఎటు లాగుతాయో అటే వెళ్ళాడు.

తర్వాతి ఏడాది, 2011లో, అమెరికాలో వెనెస్సా లోబ్యూ, జూడీ డిలోష్ ఏడు నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలకి రెండేసి వస్తువులు చూపించి ఒకటి తీసుకోమన్నారు. రెండింట్లో ఒకటి ఎప్పుడూ గులాబి. పసివాళ్ళలో తేడా లేదు. రెండేళ్ళు వచ్చేసరికి ఆడపిల్లల చేతులు గులాబి వైపు వెళ్ళడం మొదలైంది, రెండున్నరకి అది స్పష్టమైంది. మగపిల్లలేమో వయసు పెరిగేకొద్దీ గులాబిని తప్పించుకోవడం నేర్చారు. నేర్చారు అనే మాట కావాలనే వాడుతున్నాను. రెండు, మూడేళ్ళ మధ్యే పిల్లలకి "నేను అబ్బాయిని", "నేను అమ్మాయిని" అన్న మాట అర్థమవుతుంది. అర్థమైన దగ్గర్నుంచి అయితే నేను ఏం తినాలి, ఏం కట్టాలి, ఎలా కూర్చోవాలి అని చుట్టూ గుర్తుల కోసం వెతుకుతారు. రంగు కన్నా తేలిగ్గా దొరికే గుర్తు ఇంకేముంది? చదువు రాకపోయినా కనిపిస్తుంది, దూరం నుంచి కూడా కనిపిస్తుంది. నాలుగు, అయిదేళ్ళ వయసులో ఈ నియమాల్ని పెద్దవాళ్ళకన్నా గట్టిగా పట్టుకుంటారు. మీ వాడిని వెక్కిరించిన ఆ ఇద్దరు పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెప్తున్నారంతే.

ఇది నా కళ్ళతో చూశాను. ఒక ఏడాది మా తరగతికి కొత్త ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. సగం పసుపు, సగం ఆకుపచ్చ. ఆడ మగ అనే పేరు పడని రంగులు. మొదటి రోజు ఆయమ్మ లెక్క పెట్టడం తేలికని ఆడపిల్లల్ని పసుపు కుర్చీల్లో, మగపిల్లల్ని ఆకుపచ్చ కుర్చీల్లో కూర్చోబెట్టింది. నేను చూసి ఊరుకున్నాను. రెండు వారాలకి ఒక పాప ఆలస్యంగా వచ్చింది. మిగిలింది ఒక్క ఆకుపచ్చ కుర్చీ. ఆ పిల్ల సంచి తీయకుండా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కూర్చోమ్మా అంటే కళ్ళ నిండా నీళ్ళు. "అది అబ్బాయిలది టీచర్" అంది. ఆ నెల చివర్లో బొమ్మలకి రంగులు వేయమన్నాను. మగపిల్లలు చిలకకి ఆకుపచ్చ వేశారంటే అది చిలక రంగే. ఇద్దరు ముగ్గురు సూర్యుడికి కూడా ఆకుపచ్చే వేశారు. ఎందుకురా అంటే "అది నా రంగు" అన్నారు. మర్నాడే కుర్చీలన్నీ కలిపేశాను. ఆ లెక్క వాళ్ళ తలల్లోంచి పోవడానికి మాత్రం సంక్రాంతి దాకా పట్టింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను, హాంకాంగ్‌లో ఇలాంటిదే పద్ధతిగా చేసి 2018లో ప్రచురించారు. అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకి పసుపు, ఆకుపచ్చ రంగుల్నే ఇచ్చి, ఇది అబ్బాయిలది, ఇది అమ్మాయిలది అని చెప్పారు. అలా చెప్పగానే పిల్లల ఇష్టం ఆ మాట వెంట నడిచింది. అంతవరకూ ఎవరిదీ కాని రంగు ఒక్క మాటతో ఎవరిదో ఒకరిదైపోయింది. రంగులో ఏ గుణం ఉండి నచ్చిందని అడగడం కన్నా, ఎవరి పేరు మీద ఉందని అడగడం మేలని ఆ రోజు నుంచి అనుకుంటున్నాను.

2021లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు ఇంకా ఇష్టం. పెరూలో అమెజాన్ అడవి పక్కన ఉండే షిపిబో పల్లెల్లో, వనువాటు దేశంలోని తన్నా దీవిలో, కాంగోలో వేటాడి బతికే బయాకా వాళ్ళలో, వీళ్ళతో పాటు ఆస్ట్రేలియా నగరం బ్రిస్బేన్‌లో పిల్లలకి రంగులు చూపించి ఏది నచ్చిందని అడిగారు. గులాబి దగ్గర ఆడపిల్లలూ మగపిల్లలూ విడిపోయింది బ్రిస్బేన్‌లో మాత్రమే. మిగతా మూడు చోట్ల ఆ చీలిక లేదు. బొమ్మల దుకాణం, టీవీ, రంగు పెట్టెలు చేరని చోట ఆ ఇష్టం కూడా చేరలేదు.

ఒంట్లోనే ఉందనే వాళ్ళ మాట కూడా చెప్పాలి. 2007లో ఇంగ్లండ్‌లో హర్ల్‌బర్ట్, లింగ్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దవాళ్ళని పరీక్షించి, ఆడవాళ్ళ ఇష్టం కాస్త ఎరుపు వైపు మొగ్గుతోందని చెప్పారు. ఆదిమ కాలంలో ఆడవాళ్ళు పండ్లు ఏరేవాళ్ళు కాబట్టి ఎర్రటి పండు కనిపెట్టే కన్ను వాళ్ళకి వచ్చి ఉండొచ్చని ఒక ఊహ చేశారు. ఆ పండ్ల కథ పత్రికలన్నిటికీ ఎక్కింది. నాకు ఒప్పుదల లేదు. పరీక్షకి కూర్చున్నవాళ్ళు ఇరవయ్యేళ్ళు ఒక సమాజంలో పెరిగి వచ్చినవాళ్ళు, వాళ్ళలో పుట్టుకెంతో పెంపకమెంతో ఎలా విడదీస్తారు? పైగా ఆడా మగా ఇద్దరిలోనూ నీలం వైపు మొగ్గు ఉందని అదే పరీక్ష చెప్పింది. చైనా నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళకన్నా ఎరుపుని ఎక్కువ ఇష్టపడ్డారు. చైనాలో ఎరుపు శుభం. అక్కడ కూడా పెంపకమే తొంగి చూస్తోంది.

ఒంటి తేడా స్పష్టంగా కనిపించే చోటు ఒకటుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని వర్ణాంధత్వం మగవాళ్ళలో చాలా ఎక్కువ. ఐరోపా సంతతి మగవాళ్ళలో నూటికి 8 మందికి ఉంటే, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరికి ఉంటుంది. అది తల్లి వైపు నుంచి ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. అది చూపు సంగతి, ఇష్టం సంగతి కాదు. బాబు పండు మిరపకాయనీ పచ్చి మిరపకాయనీ రంగు చూసి వేరు చేయలేకపోతే ఒకసారి కళ్ళ డాక్టర్‌కి చూపించండి. లేకపోతే ఆ మాట మర్చిపోండి.

ఇప్పుడు ఈ గులాబి–నీలం లెక్క ఎక్కడిది? పాశ్చాత్య దేశాల్లో కూడా పాతది కాదు. అక్కడ 19వ శతాబ్దంలో పసిపిల్లలందరికీ తెల్ల గౌన్లే. ఉడకబెట్టి ఉతకొచ్చు, చెల్లికీ తమ్ముడికీ దాచొచ్చు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండున్నరేళ్ళ వయసులో, 1884లో, తెల్ల గౌను, భుజాల దాకా జుట్టుతో తీయించుకున్న ఫొటో ఉంది. 1918లో అక్కడి ఒక బట్టల వ్యాపార పత్రిక, గులాబి గట్టి రంగు కాబట్టి మగపిల్లలకి, నీలం సున్నితం కాబట్టి ఆడపిల్లలకి అని రాసింది. అప్పట్లో అందరూ అలాగే నడిచారని చెప్పలేం. కొన్ని దుకాణాలు అటు, కొన్ని ఇటు చెప్పేవి, ఏదీ స్థిరపడలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గులాబి ఆడపిల్లల వైపు స్థిరపడింది. 1980ల నుంచి పుట్టకముందే స్కానింగ్‌లో ఆడో మగో తెలిసిపోవడంతో బట్టలు, గోడలు, ఉయ్యాలలు అన్నీ ముందే రంగు పులుముకున్నాయి. అక్కకి కొన్నది తమ్ముడికి పనికిరాదంటే రెండుసార్లు అమ్మొచ్చు, వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి.

మన దేశంలో 1994 చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. అందుకని ఆ ముందస్తు కొనుగోలు మనకి రాలేదు. మన ఆచారం కూడా దానికి అడ్డమే. పుట్టకముందు ఏమీ కొనకూడదు, పుట్టిన బిడ్డకి మొదటి బట్ట పాత బట్టే కావాలి. ఎన్నో ఉతుకులు తిని మెత్తబడ్డ అమ్మమ్మ చీరనో నాన్నమ్మ చీరనో చింపి చుడతారు. పురుడు వెళ్ళేదాకా అదే. నా చిన్న తమ్ముణ్ణి చుట్టింది వంకాయ రంగు చీర ముక్క, దాని మీద జరీ పోయిన గీత ఒకటి ఉండేది. అది ఆడపిల్లల రంగు అని ఒక్కరూ అనలేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు.

మా ఊళ్ళో నేసే పట్టుకి రెండు రూపాలు. ఆడవాళ్ళకి చీర, మగవాళ్ళకి జోడా, అంటే పంచె, పై ఉత్తరీయం. రెంటికీ అంచు మీద గుడి గోపురాల్లా పైకి లేచే కుంభం నమూనా ఒకటే. మా నాన్న పెళ్ళికొడుకుల కోసం కెంపు రంగు, కనకాంబరం రంగు, రాణీ రంగు జోడాలు నేసేవారు. రాణీ రంగు అంటే ఇప్పుడు మీ వాడు అసహ్యం అన్న గులాబికి ముదురు అక్క. 1859లో ఫ్రాన్స్‌లో మజెంటా అనే రసాయన రంగు కనిపెట్టాక ఆ చాయ ఎక్కడపడితే అక్కడ చవగ్గా దొరికింది. ఆ రంగు జోడా కట్టుకున్న పెళ్ళికొడుకు ఆడంగిలా ఉన్నాడని ఎవరైనా అనుంటే, బజారులో పట్టు కొనేవాడే ఉండేవాడు కాదు.

మీ వైపే చూడండి. నియమగిరి కొండల్లో డొంగ్రియా అనే గిరిజన తెగ మగవాళ్ళు పొడవు జుట్టు ముడేసి క్లిప్పులు పెట్టుకుంటారు, ముక్కుకి పోగులు, మెడలో పూసలు. పెళ్ళికాని ఆడపిల్లలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కపడాగండా శాలువాని అన్నదమ్ములకో మనసైనవాడికో ఇస్తారు. మగవాడు అది గర్వంగా కప్పుకుంటాడు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఆల్ చెట్టు వేరుతో నూలుకి ఆ ముదురు ఎరుపు ఎక్కించడానికి పేడ, ఆముదం, బూడిదలతో వారాల తరబడి పడతారు. ఆ పని చేసిన గోవర్ధన్ పాణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఎరుపే ఆడవాళ్ళ చీరలో, ఆ ఎరుపే మగవాళ్ళ భుజం మీది తువ్వాలలో. పూరీ రథాలు చూడండి. జగన్నాథుడిది ఎరుపు, పసుపు. బలభద్రుడిది ఎరుపు, ఆకుపచ్చ. చెల్లెలు సుభద్రది ఎరుపు, నలుపు. ఎరుపు ముగ్గురిదీ. మా బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతరకి మొక్కు ఉన్నవాళ్ళు వేషాలు కడతారు. అమ్మవారి వేషంలో చీర కట్టుకున్న మగవాడి కాళ్ళకి ముసలివాళ్ళు కూడా దణ్ణం పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మన తెలుగు పెళ్ళిలో మధుపర్కాలు వధూవరులిద్దరికీ ఒకే తెలుపు, ఒకే అంచు. పారాణి ఇద్దరి కాళ్ళకీ. తెలంగాణలో 2001లో పుట్టిన పార్టీ జెండా రంగు గులాబి. పదేళ్ళ పైగా లక్షల మంది మగవాళ్ళు ఆ రంగు కండువా మెడలో వేసుకుని ఊరేగారు. ఏ ఒక్కడూ సిగ్గుపడలేదు. ఎందుకంటే అక్కడ ఆ రంగు పేరు ఉద్యమం.

ఇదంతా చెప్పి, మన సంస్కృతి రంగుల్లో ఎంత ఉదారమైనదో అని మురిసిపోతే అది అబద్ధం అవుతుంది. మన వాళ్ళు రంగుల్ని అబ్బాయికి ఇది, అమ్మాయికి ఇది అని పంచకపోవచ్చు. ముత్తయిదువకి, విధవకి పంచారు. అది ఇంకా క్రూరం.

మా ఇంట్లో ఒక మేనత్త ఉండేది. ఇరవై రెండేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ ఒంటి మీద ఉతికి ఉతికి బూడిద తిరిగిన తెల్ల చీరే. పొద్దున్నే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఇంట్లో ఎన్ని రంగుల పట్టు ఉంటే అన్నీ ఆవిడ వేళ్ళ మధ్య నుంచే మగ్గానికి వెళ్ళాలి. ఎర్ర పట్టు చుట్టిన రోజు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం లేత ఎరుపెక్కేది. సాయంత్రం నూతి దగ్గర కూర్చుని ఆ వేళ్ళని బూడిదతో తోమేది. ఎందుకత్తా అంత గట్టిగా అంటే, "ఎవరైనా చూస్తే గోరింటాకు పెట్టుకుందనుకుంటారు" అంది. నాకు ఎనిమిదేళ్ళు అప్పుడు. నీకు ఏ రంగు ఇష్టం అత్తా అని అడిగాను. "తెలుపే తల్లీ, ఎండకి చల్లగా ఉంటుంది" అంది. ఆ మాట నమ్మాను. చాలా ఏళ్ళకి, ఆవిడకి డెబ్భై దాటి, మా ఇంట్లో మగ్గం ఆగిపోయి, ఆ మాటలు అడ్డుకునే పెద్దలెవరూ మిగలని రోజుల్లో మళ్ళీ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిరపపండు రంగు" అంది.

అందుకే ఎవరైనా "నాకు ఈ రంగు ఇష్టం" అన్నప్పుడు నేను వెంటనే రాసుకోను. ఆ మనిషికి ఏ రంగు ఇష్టపడడానికి అనుమతి ఉంది అని కూడా చూస్తాను. మీ వాడి "పింక్ అసయ్యం" అనే మాటా, మా అత్త "తెలుపే ఇష్టం" అనే మాటా ఒకే చోట నుంచి వచ్చాయి. వాడిది చిన్న నష్టం, ఆవిడది జన్మంతా. దారి మాత్రం ఒకటే.

ఇప్పుడు మన సరిహద్దు ఊళ్ళకి కూడా గులాబి–నీలం పద్ధతి పూర్తిగా వచ్చేసింది. బజారులో పిల్లల సామాను అడగండి. సైజు కన్నా ముందు, వయసు కన్నా ముందు "పువ నా ఝియ?" అని అడుగుతారు. కొడుకా కూతురా అని. చెప్పాక ఒక వైపు అర తెరుస్తారు, రెండో అర మీకు చూపించను కూడా చూపించరు. పుట్టినరోజు బెలూన్లు, స్కూల్ బ్యాగులు, సైకిళ్ళు, ఆఖరికి దోమతెరలు కూడా అంతే. సైకిలైతే వేలు పెట్టి అక్కకి కొన్నది తమ్ముడికి పనికిరాదు. మా చిన్నప్పుడు అక్క గౌను తమ్ముడు వేసుకుని పెరిగిన ఇళ్ళు ఇవి.

ఇంకొకటి, నా మనసులో అన్నిటికన్నా బరువైన సంగతి. మీ పాప రేపు నీలం సీసా అడిగిందనుకోండి. నాన్నమ్మ ఏమీ అనరు. స్కూల్లో ఎవరూ నవ్వరు. ఆడపిల్ల మగపిల్లల రంగు తీసుకుంటే చురుకైన పిల్ల అంటారు, మగపిల్లాడు ఆడపిల్లల రంగు తీసుకుంటే నవ్వుతారు. రంగులు రెండూ సమానమైతే ఈ తేడా ఎందుకు? ఆడ అన్న మాట అంటుకున్నదేదైనా ఒక మెట్టు తక్కువ అన్న లెక్క దాని వెనక ఉంది. "అది ఆడపిల్లల రంగురా" అని నాన్నమ్మ అన్నప్పుడు ఏడేళ్ళ పాప అక్కడే ఉండి ఉంటుంది. తమ్ముడికి వినిపించింది రంగు గురించి. అక్కకి వినిపించింది తన గురించి. మీరు బాబు గురించి రాశారు, మంచిదే. పాపతో కూడా ఒక్క మాట మాట్లాడండి. ఆ రోజు నీకు ఏమనిపించింది అని అడగండి చాలు, తనే చెప్తుంది.

ఇప్పుడేం చేయాలి అంటే, ఆ గులాబి సీసా మళ్ళీ వాడి చేతికి బలవంతంగా ఇవ్వకండి. స్కూల్లో నవ్వులపాలయ్యేది వాడు, మనం కాదు. మన సిద్ధాంతం నిలబెట్టడానికి నాలుగేళ్ళ పిల్లాణ్ణి ముందుకి తోయకూడదు. నీలం సీసా కొనివ్వండి. గులాబి సీసా పారేయకండి, దాచి "అక్కది" అని పేరు కూడా పెట్టకండి. వంటింట్లో అందరూ నీళ్ళు తాగే సీసాగా ఉంచండి. వాళ్ళ నాన్న కూడా అందులోంచి తాగాలి. పిల్లలకి మాట కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. మగపిల్లాడికి తన జట్టులో పెద్దవాడు ఏం చేస్తున్నాడన్నదే లెక్క.

ఇంట్లో రంగులకి మనుషుల పేర్లు మానేసి వస్తువుల పేర్లు పెట్టండి. తెలుగులో వాటికి లోటు లేదు. చిలకపచ్చ, అరిటాకు పచ్చ, నెమలికంఠం, ఉల్లిపొర, వంకాయ, గంధం, కనకాంబరం, ఇటుక, మామిడి చిగురు. మా నేతగాళ్ళకి ఒక్క ఎరుపులోనే నాలుగైదు పేర్లుంటాయి. పిల్లలు పింక్, బ్లూ అనే రెండే డబ్బాలతో పెరిగితే ఒకటి నాది, ఒకటి వాళ్ళది అయిపోతుంది. యాభై పేర్లు తెలిసిన పిల్లాడికి అలా రెండుగా పంచడం కుదరదు. కూరగాయలు కోసేటప్పుడు ఉల్లిపాయ పొర చూపించి ఇదేం రంగు అని అడగండి. గులాబి కిందా రాస్తాడు, ఊదా కిందా రాస్తాడు, ఆలోచిస్తాడు.

టీచర్‌తో ఫిర్యాదు చేసినట్టు మాట్లాడకండి. పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పుడు, సామాను పంచేటప్పుడు ఆడ మగ అని రంగులతో విడదీస్తున్నారేమో మాత్రం నెమ్మదిగా అడగండి. చాలాసార్లు అది ఎవరూ ఆలోచించకుండా, నా కుర్చీల్లాగే, పని తేలికని మొదలైన అలవాటు. చెప్తే మానేస్తారు.

ఇక అత్తగారు. ఆవిడ మనవణ్ణి నొప్పించాలని అనలేదు. వాణ్ణి ఎవరైనా నవ్వుతారేమోనన్న భయంతో, అందరికన్నా ముందు తనే హెచ్చరించారు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. ఈ పరిశోధనలేవీ చెప్పొద్దు కూడా. మన ఇళ్ళలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, గౌను తొడిగి, కాటుక దిద్ది ఫొటో తీయించడం అలవాటు. మీ ఆయనకి కూడా తీయించి ఉంటారు, ఆయన వయసుకి అది కలర్ ఫొటోనే అయి ఉంటుంది. ఒక మధ్యాహ్నం అత్తగారి దగ్గర కూర్చుని "అత్తయ్యా, ఈయన పుట్టువెంట్రుకల ఫొటో ఉందా?" అని అడగండి. ఆల్బమ్ తీస్తారు. ఆ జడ ఎవరు వేశారు, పూలు ఎక్కడివి, కొడుకు ఎంత ఏడ్చాడు, అన్నీ ఆవిడే చెప్తారు. బాబునీ పాపనీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ ఫొటోలో గౌను ఏ రంగో నాకూ రాయండి.